రేవు ఫోటోలో రాగి బిందె

మా అమ్మకు తన తల్లి ముఖం గుర్తులేదు. ఆమెకు నాలుగేళ్లు నిండకముందే కృష్ణ ఒడ్డున వాళ్ల ఊళ్లో గత్తర వచ్చింది. గత్తరంటే ఇప్పుడు మనం కలరా అంటున్నామే, అదే. మూడు రోజుల్లో ఆ ఇంట్లో తల్లి, నాయనమ్మ, మేనత్త వరసగా పోయారు. ఏడాది తిరక్కుండానే మా తాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. గత్తర నీళ్లతోనే వచ్చిందని, పెళ్లయి ఇటు వచ్చేదాకా అమ్మను రేవు వైపు పోనివ్వలేదట. తల్లి గురించి అమ్మకు మిగిలింది ఒక్క రాగి బిందె జ్ఞాపకం. దాని భుజం మీద ఒక సొట్ట ఉండేదట. తల్లి రేవు నుంచి వచ్చి బిందె దించగానే అమ్మ వెళ్లి ఆ సొట్టలో బొటనవేలు పెట్టేదట. వేలు సరిగ్గా పట్టేదట. ఆ బిందె కూడా గత్తర తరువాత ఎటు పోయిందో పోయింది.

కన్నతల్లిని బిందెతో గుర్తుపెట్టుకోవడమేమిటని చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. నవ్వితే వీపు మీద ఒకటి పడేది.

మాది శంషాబాద్ పక్కన పల్లె. ఇప్పుడు విమానాలు దిగుతున్నాయే, అటువైపు గుట్టల్లో మాకు సీతాఫలం చెట్లుండేవి. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. నాకు పదేళ్లుంటాయి. పండ్ల కాలంలో అమ్మ, నేను గంపలు ఎత్తుకుని శంషాబాద్ అంగడికి వెళ్లేవాళ్లం. ఆ వారం మా పక్కన పట్నం నుంచి వచ్చిన ఒకాయన దుప్పటి పరిచి బొమ్మల కార్డులు పేర్చాడు. పోస్టు కార్డంత అట్టలు, వాటి మీద ఫోటోలు. చార్మినార్, గోల్కొండ, ఏనుగు మీద ఎవరో దొర. జనం చుట్టూ మూగి చూస్తున్నారు, కొనేవాడు లేడు. మా గంపలు ఖాళీ అవుతున్నాయి కాబట్టి నాకు ఆయన మీద జాలేసింది.

పొద్దు వాలాక ఆయన కార్డులు సర్దుతుంటే ఒకటి జారి మా గంప దగ్గర పడింది. మూల విరిగిన పాత కార్డు. నది, మెట్లు, మెట్ల మీద ఒకామె నడుం మీద రెండు చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె కాళ్ల పక్కన బిందె. అమ్మ కార్డు తీసి ఆయనకివ్వబోయి ఆగిపోయింది. చాలాసేపు చూసింది. తరువాత బొటనవేలు ఎత్తి ఫోటోలో బిందె మీద పెట్టింది.

“గిదేడిది అన్నా?” అంది.

ఆయన వెనక్కి తిప్పి ఉర్దూలో అచ్చయిన వాక్యం చదివాడు. కృష్ణ పుష్కరాల నాటి రేవు అని, ఊరి పేరుతో సహా చెప్పాడు. అది మా అమ్మ పుట్టిన ఊరు.

“పాత మాల్ అమ్మా అది, మూల గూడ ఇరిగింది. చార్మినార్ తీస్కో, మంచిగుంటది.”

“నాకు చార్మినారొద్దు,” అని అమ్మ మిగిలిన పండ్లన్నీ, గంపతో సహా, ఆయన దుప్పటి మీద పెట్టేసింది. ఆయన వద్దనలేదు.

ఇంటికి వచ్చాక బాపుకు చూపించింది. “గీమె మా అమ్మ,” అంది. బాపు దీపం దగ్గర పెట్టి చూశాడు.

“మొఖమే యాదికి లేదంటివి. ఎట్ల గుర్తువడితివి?”

“బిందె గుర్తువట్టిన.”

నిజమే, బిందె భుజం మీద చిన్న నల్లటి గుంట కనిపిస్తూనే ఉంది. “సొట్టవడ్డ బిందెలు లోకంల ఒక్కటే ఉంటదా?” అని బాపు అననే అన్నాడు. మా అమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు చూపించబోయినవాళ్లంతా చివరికి వాళ్లే తప్పు లెక్కపెట్టామని ఒప్పుకుని వెళ్లేవాళ్లు.

పదిరోజులకు పెత్రమాస వచ్చింది. ఆ రోజు పోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తాం, ఇంట్లో వండినవన్నీ వాళ్లకు పెడతాం. ఏటా బాపు తన పెద్దల పేర్లు వరసగా చెప్పుకునేవాడు. అమ్మ మాత్రం ఒక ఖాళీ పీట వేసి, దాని ముందు విస్తరి పరిచి, “మా అమ్మకు” అనేది. ఆ ఏడు పీట ఖాళీగా లేదు. కార్డు నిలబెట్టి, బంతిపూలు గుచ్చి దండ వేసింది. బొట్టు పెట్టే పని నాకిచ్చింది. కుంకుమ వేలికి ఎక్కువ అంటుకుని, ఫోటోలో ఆమె నుదురు మొత్తం ఎర్రగా అయింది. తిడుతుందనుకున్నాను. అమ్మ అసలు చూడలేదు, కళ్లు మూసుకుని ఏడుస్తోంది. ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషి ఆ రోజు మొదటిసారి తల్లికి ఎదురుగా కూర్చుని పెట్టుకుంది. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతూ నేను కనిపించిన ప్రతి పిల్లకూ మా అమ్మమ్మ ఫోటో దిగిందని చెప్పాను. మా ఊళ్లో ఇంకెవరి అమ్మమ్మా దిగలేదు.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు అమ్మ పుట్టింటి నుంచి చిన్నమ్మ వచ్చింది. చిన్నమ్మంటే అప్పటికే పోయిన మా తాతకు రెండో భార్య, అమ్మను పెంచినామె. చెడ్డది కాదు. కానీ అమ్మకూ ఆమెకూ మధ్య ఎప్పుడూ ఒక మూరెడు దూరం ఉండేది. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చీ రాగానే గూట్లో ఉన్న కార్డు చూసింది. బంతిదండ ఎండిపోయి ఇంకా దాని మీదే ఉంది.

“అగో! మా రేవుల పుట్టి నడిపెటోళ్ల పెద్దామె మీ గూట్ల ఉన్నదేంది? గీ దండేంది?”

అమ్మ గూటికి అడ్డం నిలబడింది. “ఆమె మా అమ్మ.”

“మీ అమ్మను నేను సూడలే బిడ్డా, అబద్ధమెందుకు జెప్పాలె. గని గీమెను రోజు సూస్త. గా నడుం మీద చేతులు, గా చిన్న ఎడమ కన్ను. నేను కాపురానికొచ్చిననాడు గిట్లనే ఉండె. మొన్న నన్ను రేవు దాటించింది వాళ్ల పుట్టే. రాయి లెక్క ఉన్నది.”

బతికున్న మనిషికి దండ వేశాం. పీట వేసి, విస్తరి పెట్టి, పెద్దల్లో కలిపేశాం. శత్రువుకు కూడా చెయ్యరాని పని అది. నుదుటి నిండా కుంకుమ పెట్టింది నేనే కాబట్టి, ఆమెకు ఏమైనా అయితే నన్ను పట్టుకుపోతారని నా భయం.

అమ్మకు వేరే భయం ఉంది. చిన్నమ్మ చెప్పింది నిజమైతే, ఎన్నేళ్లకో దొరికిన తల్లి ముఖం మళ్లీ పోయినట్టే. అబద్ధమైతే, చిన్నమ్మకు పోయిన సవతి మీద కడుపుమంట ఇంకా ఆరలేదన్నమాట. ఆ రాత్రి అమ్మ చిన్నమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు, కానీ అన్నం వడ్డించి నెయ్యి మాత్రం రెండుసార్లు వేసింది. కోపంలో మర్యాద ఎక్కువయ్యే మనిషి.

“పండుగెల్లినంక నేను పోయి సూసొస్త,” అంది బాపుతో.

“సూసేదేంది? దండ తీసెయ్, అయిపాయె. ఆ ముసలామెకు ఎరుకా, పాడా?”

“నాకెరుకనే గద.”

“పోయి ఏమంటవ్? నువ్వు సచ్చినవనుకొని పెట్టిన అంటవా? తంతది.”

“తంతె తన్నని. మా అమ్మ అయితె కాళ్లు మొక్కుత, కాకపోతె తప్పయిందని మొక్కుత. మొక్కుడు ఎట్లైన తప్పదు.”

బాపు రానంటే రానన్నాడు. దసరా వెళ్లిన మూడోనాడు పొద్దున రైలు ఎక్కుతుంటే మాత్రం సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకుని మా వెనకే ఎక్కాడు. పండ్లు పగిలిపోతాయని వచ్చాడట. షాద్‌నగర్ దాటేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ ఒళ్లో కొత్త చీర, చీర మడతలో కార్డు. దండ తీసేసింది కానీ కుంకుమ తుడవలేకపోయింది. తుడిస్తే ముఖం చెరిగిపోతుందని భయం.

దిగాక బండి మీద ఇంకా చాలా దూరం పోయి, మధ్యాహ్నం దాటాక రేవు చేరాం. చిన్నమ్మ ఇంటికి కూడా వెళ్లకుండా అమ్మ నేరుగా మెట్ల దగ్గరికే నడిచింది. కృష్ణ నిండుగా ఎర్రగా పోతోంది. ఒడ్డున గుండ్రటి తోలు పుట్టి బోర్లించి ఉంది, దాని పక్కన ఒక ముసలామె కొడుకును కేకలేస్తోంది. నడుం మీద రెండు చేతులు పెట్టుకుని.

ఎడమ కన్ను చిన్నది. నేను అమ్మ ముఖం చూశాను. చూడకుండా ఉండాల్సింది.

అయినా అమ్మ ఆగలేదు. వెళ్లి ఆమె కాళ్ల మీద పడింది. ఎవరి బిడ్డో చెప్పింది. కార్డు ఎలా దొరికింది, పీట మీద ఎలా పెట్టింది, దండ, విస్తరి, కుంకుమ, ఏదీ దాచకుండా చెప్పింది. బాపు గంప దించి తన్నులకు సిద్ధంగా నిలబడ్డాడు.

ఆమె నోరు తెరుచుకుని కాసేపు విన్నది. తరువాత పుట్టి మీద చేత్తో చరుస్తూ నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

“బతికుండంగనే పెట్టినవా నాకు! ఏమేం వండినవే? గారెలు జేసినవా? సచ్చినంక నా కొడుకులు పెడ్తరో లేదోనని పరేషాన్ల ఉన్న. ఇగ రంది లేదు!”

చీర తీసుకుని పక్కన పెట్టింది. కార్డు అందుకుని ఎండకు పట్టి చూసింది. తన ఫోటో ఆమె ఎప్పుడూ చూడలేదట. తీసినాయన తీసుకుని వెళ్లిపోయాడట. నుదుటి మీది ఎర్రటి మరకను వేలితో తడిమింది.

“గీ బొట్టు ఎవలు వెట్టిండ్రు?”

నేను అమ్మ వెనక దాక్కున్నాను.

“ఉండనియ్. మా ఆయన పొయ్యి ఆరేండ్లాయె. గప్పుడు ముత్తైదనే గద.” మళ్లీ కార్డులోకి చూసి, ఈసారి నవ్వకుండా అంది. “గని బిడ్డా, గీ బిందె నాది గాదు.”

అమ్మ తలెత్తింది.

“మాకు రాగి బిందెలు యాడియి? మట్టికుండనే మాకు. గిది మీ అమ్మది. ఇద్దరం ఒక్కతాననే ఉంటిమి. ఆయన మూడుకాళ్ల డబ్బా నిలవెట్టి నల్లగుడ్డ కప్పుకుండు. గా డబ్బా సూస్తె పానం గుంజుకుంటదని అనుకునేటోళ్లం. నేను మొండిదాన్ని, సూద్దాం పా అని నిలవడ్డ. మీ అమ్మ బిందె ఆడనే ఇడ్సిపెట్టి మెట్లెక్కి ఉరికింది. తనకోసం గాదు. సంకల నువ్వుంటివి. నీ మొఖం కొంగుల దాసుకొని ఉరికింది. ఉరికినామె గత్తరల పాయె. నిలవడ్డ నేను గిట్లనే ఉన్న.”

అమ్మ చాలాసేపు మెట్ల వైపు చూసింది. తరువాత, ఎందుకోసం ఇంత దూరం వచ్చిందో అది అడిగింది.

“మొఖం ఎట్లుండె?”

నీలాగే ఉండేదని చెబితే ఆ పూట గడిచిపోయేది. నేనైతే చెప్పేదాన్ని. ఆమె చెప్పలేదు.

“మొఖం నాకు గూడ యాదికి లేదు బిడ్డా. ఎన్నేండ్లాయె! గా ఉరుకుడు యాదికున్నది.”

అమ్మ అక్కడే మెట్ల మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. బాపు గంపలోంచి ఒక పండు తీసి, విప్పి, సగం ముసలామెకూ సగం అమ్మకూ ఇచ్చాడు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మా బాపు పండు విప్పేవాడు. కార్డు నువ్వే ఉంచుకో, నీదే కదా అని అమ్మ అంటే ఆమె ఒప్పుకోలేదు. “బిందె నీది. తీస్కపో,” అంది. ఆ పూట అక్కడి నుంచి నేరుగా చిన్నమ్మ ఇంటికి వెళ్లాం. అమ్మ గడపలోనే ఆమె చేతులు పట్టుకుంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను నిద్రపోయాను.

మరుసటి పెత్రమాసకు అమ్మ మళ్లీ పీట వేసింది, కార్డు నిలబెట్టింది. దండ వెయ్యలేదు. తన అరచేత్తో ఆ మనిషిని పూర్తిగా కప్పి, వేలి కొసతో బిందెకు మాత్రం బొట్టు పెట్టింది. బతికున్నంతకాలం అలాగే పెట్టింది. కార్డు ఇప్పుడు నా దగ్గర ఉంది. బిందె ఉన్న చోట కాగితం అరిగి, సొట్ట ఎప్పుడో పోయింది. ఆ ముసలామె పోయిన కబురు వచ్చిన ఏడు విస్తరి పక్కన ఇంకో విస్తరి పడింది. ఆ ఏడు గారెలు చేశారు.

ఇంటికి వచ్చినవాళ్లు గూట్లో కార్డు చూసి ఎవరి ఫోటో అని అడిగేవాళ్లు.

“మా అమ్మది,” అనేది అమ్మ. “నన్నెత్తుకొని ఉరుకుతున్నది.”

వాళ్లు కార్డు కళ్ల దగ్గరికి తెచ్చుకుని వెతికేవాళ్లు. అమ్మ వెతకనిచ్చేది.