మంగళవారం ముట్టని కత్తి

తెలంగాణ వచ్చిన మూడో ఏడు మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మోత్కూర్‌లో నలభై ఏళ్లు అందరికీ గడ్డాలు గీసిన మనిషి, ఇంకొకరి బ్లేడు తన చెంప తాకనివ్వనన్నాడు. అందుకని ఆయన మంగలికత్తి నూరడం నేనే నేర్చుకున్నాను. మంచంలోంచి చప్పుడు విని తప్పులు చెప్పేవాడు.

రాయి మీద కత్తి అంచు ముందుకు నడవాలి, తోలుపట్టీ మీద వెనక్కి. ఆరో రోజు తోలు మీద కూడా ముందుకే తోసి పట్టీని కోశాను.

"తోలు గాదు, నా పానం కోసినవ్," అన్నాడు.

దాన్ని బాగుచేయించడానికి రెండు రోజులు పోయాయి. పందొమ్మిదో రోజు, సోమవారం సాయంత్రం, పదును చూస్తే నా ముంజేతి వెంట్రుకలు తెగాయి.

"గిప్పుడే గియ్యనా?"

"చీకటి పడ్డది. చెవి కోస్తవ్."

"మరి రేపు?"

"మంగళారం కత్తి ముడ్తరానే? ఎల్లుండి గియ్యి."

ఆయన దుకాణం ఏ మంగళవారమూ తెరవలేదు. కత్తి మడిచి పక్కన పెట్టాను.

బుధవారం పొద్దున నీళ్లు కాచి తెచ్చేసరికి ఆయన ఒళ్లు చల్లబడింది. ఆ గడ్డంతోనే పంపాను. తోలు కోయకపోయి ఉంటే ఆదివారమే గీసేదాన్ని.