ఇటుకపొడితో తోమిన గడియారం

మాట్లాడేటప్పుడు మా పెనుకొండ మామ కుడి చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉండేది. అందులో వాళ్ల తాతనాటి బంగారు గడియారం. దాని మూత మీద బొటనవేలు గుండ్రంగా తిప్పుతూ, "మా తాతకు దొర ఇచ్చినాడప్పా" అనేవాడు. ఏ దొర, ఎందుకిచ్చాడు అంటే మాత్రం తెలియదు.

మనవరాలికి ఇచ్చేలోపు అదేదో తెలుసుకోవాలనుకున్నాడు. నేను ధర్మవరం నుంచి వచ్చి, ఆయన్ను హిందూపురంలో వాచీలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన భూతద్దం పెట్టి చూశాడు. మూత అంచు చుట్టూ చెక్కిన తీగలూ పూలూ అలాగే ఉన్నాయి. మధ్యలో మాత్రం నున్నగా ఉంది.

"ఈడ సొంతదారు పేరు చెక్కింటారు సామీ. అరిగిపోయిండాది. ఏం పెట్టి తోముతాండారు?"

"ఇటుకపొడి. ఆయుధపూజకు మా అవ్వ తోమేది. ఆయమ్మ పోయినాక నేను తోముతాండా."

"బంగారాన్ని ఇటుకపొడితోనా? అదీ మధ్యలో ఒక్కచోటేనా?"

మామ గడియారం తీసుకుని జేబులో వేసుకున్నాడు. అంగడి మెట్లు దిగాక, "మా అవ్వ తలుపేసుకొని తోమేది" అన్నాడు మెల్లగా.

తిరుగు బస్సులో అలవాటుగా ఆయన చెయ్యి జేబులోకి పోయింది. నిప్పు తగిలినట్టు వెంటనే బయటికి తీశాడు. బొటనవేలి వైపే చూస్తూ కూర్చున్నాడు.

"మా అవ్వ వేలు గూడా ఇట్లే తిరిగేదప్పా. మా తాత పేరైతే ఎందుకు తుడిచేది? ఎవురి పేరో ఏమో! ఆయమ్మ తుడవంగా మిగిలింది నేను తుడిచేసినా."