బుద్రమ్మ వంటింట్లో ఎండ

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం తగ్గించి చదువుకోండి. పిల్లి ఎదురైతే పులి అని రాసే చెయ్యి నాది. సగం వయసు దాటింది, ఇక మారదు.

రెండువేల ఇరవై మూడు, చలికాలం. అరకులో ఒక టిఫిన్ హోటల్ మేడమీద నా గది. కట్టబోయే ఇళ్లకీ రిసార్టులకీ కంప్యూటర్‌లో బొమ్మలు చేసిపెట్టడం నా పని. కొలతల ప్రకారం గోడలు లేపి, ఆకాశంలో ఒక సూర్యుణ్ణి పెడితే, ఎండ ఎక్కడెలా పడుతుందో కంప్యూటరే లెక్కకట్టి ఫొటోలా తీసి ఇస్తుంది. దాన్ని రెండరింగ్ అంటాం. ఆ ఏడు మంచు ఎంత దట్టమంటే, కొడవలితో కోసి మోపులు కట్టి సంతలో అమ్ముకోవచ్చు.

ఆ మంచులోంచి చిలకమ్మ వచ్చింది. వాళ్లది పక్క ఊళ్లో కాఫీ తోట. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. గోడలు మోకాలెత్తు లేచాయి, కిటికీకి చోటు వదలాలో లేదో బేగి తేల్చమని మేస్త్రి నస పెడుతున్నాడు. వంటింటికి కిటికీ పెడితే చలి కొడుతుందని అత్త బుద్రమ్మ పట్టు. ఆ ఇంట్లో ఆమె మాటకి తిరుగులేదు.

"పాతింట్లో పొగకి నా కళ్లు పోయినాయి బాబూ. కొత్తింట్లోనూ అదే బతుకా? అత్త సూసి ఔననేలాగ బొమ్మ సేసియ్యి," అంది చిలకమ్మ.

ఔననిపించకపోతే మీసం తీసేస్తానన్నాను.

అలవాటు కొద్దీ మొదటి బొమ్మ రిసార్టులా చేశాను. తెల్ల గోడలు, అద్దం లాంటి నేల, దక్షిణపు కిటికీలోంచి బంగారు ఎండ. ల్యాప్‌టాప్ మోసుకెళ్లి చూపిస్తే బుద్రమ్మ కళ్లు చికిలించి, "ఇదెవలి ఇల్లు బాబూ? పొయ్యి ముట్టించినట్టే నేదు," అంది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. గోడలకి ఎర్రమట్టి పూశాను. వాసాలకి మసి పట్టించాను, పొయ్యిలోంచి పొగ లేపాను. ఎండ నేల మీద పడి అక్కడే ఆగదు, గోడకి తగిలి, కప్పుకి ఎగబాకి, మూలమూలనా వెలుగు పంచుతుంది. ఆ తిరుగుడంతా లెక్కకట్టడమే గ్లోబల్ ఇల్యూమినేషన్. ఎర్ర గోడ తాకి వచ్చిన వెలుగూ ఎర్రబడాలి. లెక్క తొందరగా ముగిస్తే బొమ్మంతా చోడిగింజలు చల్లినట్టు చుక్కలొస్తాయి, అది నాయిస్. అవి పోయేదాకా నడిపించాను. కంప్యూటర్ ఫ్యాను మోత కిరండూల్ రైలు సొరంగంలో దూరినట్టుంది. బొమ్మ తేలేలోపు కొండ మీద కాఫీ పూసి, కాసి, పండిపోయింది.

ఈసారి బుద్రమ్మ తన వంటిల్లని ఒప్పుకుంది. కిటికీకి మాత్రం అడ్డంగా తల ఊపింది. చలి సంగతేం కాదు, అసలు బాధ అప్పుడు బయటపడింది. ఇక్కడ చలికాలం పొద్దున్నే అందరూ అరుగుల మీద చేరి ఎండ కాగుతారు. రాత్రి కలలూ, పక్కింటి గొడవలూ అక్కడే తెమలాలి.

"ఎండ ఇంట్లోకే వొచ్చేత్తే ఈ కోడలు గుంట లోపలే కూకుంటాది. అరుగు మీద నాను గోడతోటి మాటాడాలేటి?"

చిలకమ్మ నా వంక చూసింది. మేస్త్రి తాపీ కడుక్కుంటూ, రేపు కిటికీ లేకుండానే గోడ వరస లేపేస్తానన్నాడు.

గదికి వచ్చి దక్షిణపు కిటికీ పీకేశాను. తూర్పు గోడలో, సరిగ్గా అరుగు వెనక, తక్కువ ఎత్తులో కొత్త కిటికీ పెట్టాను. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ఆకారం ఒకటి తయారుచేశాను. లోపలినుంచి చూస్తే మనిషి వీపే కనబడుతుంది, నీడ మాత్రం ఎండతోపాటు వంటింట్లోకొచ్చి పొయ్యి దాకా పడుకుంటుంది. దూరమయ్యేకొద్దీ నీడ అంచు మెత్తబడాలి. కత్తితో కోసినట్టుంటే కళ్లు నమ్మవు. ఆ మెత్తదనం కోసం తెల్లారేదాకా కుస్తీ పట్టాను.

బుద్రమ్మ చూసింది. స్క్రీన్ మీది ఎండకి రెండు చేతులూ చాపి కాచుకుంది. "ఇది నానే," అంది నీడని చూసి. "ఇక్కడ కూకుంటే లోపలున్న గుంటతో మాటాడొచ్చు. కూర మాడితే వాసనా తెలుత్తాది. కిటికీకి సోటు ఒదలమను మేస్త్రిని."

చిలకమ్మ నన్ను సాగనంపుతూ, "కిటికీ అడిగితే అందులో అత్తని కూడా బిగించేసినావు బాబూ," అంది. నవ్వుతూనే అంది.

అప్పట్నుంచి ఏ ఇంటి పని వచ్చినా, సూర్యుణ్ణి పెట్టేముందు ఆ ఎండలో ఎవరు కూర్చుంటారో అడుగుతున్నాను. రిసార్టువాళ్లు విసుక్కుంటున్నారు.

ఇక కల్పించిందేదో చెప్పాలి. మంచు మోపులూ కాఫీ కాపూ మీరే పట్టేసుంటారు. చేతులు కాచుకోవడం కూడా అబద్ధమే. నిజానికి బుద్రమ్మ నీడ తల మీద వేలు పెట్టి, కొప్పు ఎడమవైపు ఉండాలి, దిద్దుకురా, అప్పుడు ఒప్పుకుంటానంది. మేస్త్రిని ఆపి, గదికి పరిగెత్తి, దిద్దుకొచ్చాను.