పదకొండు గుర్రాలకూ ఫిన్‌బార్ చెప్పిన నిజం

గాల్వే జిల్లా కిల్‌బ్రాక్‌లో మాంసం కొట్టు నడిపే ఫిన్‌బార్ టూహి ఇరవై ఆరేళ్లుగా ఊరి వారపత్రికకు గుర్రాల జోస్యం రాస్తున్నాడు. ఆగస్టు పందేల్లో ఆఖరుది సరదా రౌతులది. జీతం పుచ్చుకోని రైతులూ గుమాస్తాలూ తమ గుర్రాలను దడుల మీదుగా దూకిస్తారు. వాటిలో ఒక్కోదాని గురించీ ఫిన్‌బార్ రెండేసి వాక్యాలు రాసేవాడు.

ఆ రాతల ప్రకారం ఇరవై ఆరేళ్లలో ఆ ఊళ్లో ఒక్క పనికిమాలిన గుర్రమూ పుట్టలేదు. కుంటేది "నిదానస్తురాలు". పొట్ట జారింది "పుష్టిగా పెరిగింది". దడి కనబడగానే వెనక్కి తిరిగేది "ఆలోచించి అడుగేసే రకం". వాటి యజమానులందరూ శనివారం పొద్దున అతని కొట్టు ముందు వరసలో నిలబడేవాళ్లే మరి.

ఆ ఏడు సంపాదకురాలు మిసెస్ హెషన్‌కు ఓపిక నశించింది.

"పదకొండు గుర్రాలుంటే పదకొండూ గెలుస్తాయని రాశావు. ఇది జోస్యమా, పెళ్లి దీవెనా?"

"అందరూ మనవాళ్లే కదమ్మా."

"ఈసారి ఉన్నదున్నట్టు రాయి. లేదా, ఆ జాగా ఎరువుల ప్రకటనకిస్తా."

పేడ తన చోట కూర్చోవడం ఫిన్‌బార్ భరించలేకపోయాడు. సాసేజీలు అందించే నెపంతో ఇంటింటికీ తిరిగి, పదకొండు గుర్రాల కాళ్లూ తడిమాడు. ఎముక మీద కండ ఎలా కూర్చుందో అతనికి ఒకరు చెప్పాలా? ఇంటికొచ్చి తలుపేసుకుని రాశాడు.

"సిల్వర్ కెటిల్: వెనక కాళ్లు భేషైనవి. ముందు కాళ్లకు ఆ సంగతి ఇంకా తెలియదు.

ఓల్డ్ టర్ఫ్: ఒక్కటి తప్ప మిగతావన్నీ ఇంతకన్నా అధ్వాన్నం కాబట్టి గెలవచ్చు.

రెడ్ బిషప్: అన్నిటిలోకీ మేలైన గుర్రం ఇదే. పళ్ల డాక్టరు కాహల్ బ్రాస్నన్ ఎక్కకపోతే గెలుస్తుంది. ఎక్కుతాడు. ఆఖరి దడి దగ్గర పడతాడు."

గురువారం పత్రిక చదివి అతని భార్య అసంప్టా టీ కప్పు కింద పెట్టేసింది.

"మతి పోయిందా నీకు? రేపట్నుంచి ఈ మాంసమంతా ఎవరు తింటారు, నువ్వా?"

ఆదివారం రౌతులు గుర్రాలెక్కేచోట జనం పత్రిక పట్టుకుని నిలబడ్డారు. ఫిన్‌బార్‌కు ఇరుపక్కలా జాగా దానంతటదే ఖాళీ అయింది. కాహల్ జీను మీంచి వంగి అడిగాడు.

"ఏమయ్యా ఫిన్‌బార్, పడేటప్పుడు కుడివైపు పడనా, ఎడమవైపా? అదీ రాయలేకపోయావా?"

ఆఖరి దడిదాకా రెడ్ బిషప్పే ముందుంది. అక్కడ గుర్రం దూకింది, డాక్టరు దూకలేదు. కుడివైపే పడ్డాడు. రౌతు లేని గుర్రం అందరికన్నా ముందు గీత దాటింది గానీ, అది లెక్కలోకి రాదు. ఓల్డ్ టర్ఫ్ గెలిచింది. సిల్వర్ కెటిల్ రెండో దడి దగ్గరే మనసు మార్చుకుంది.

జోస్యం తప్పి ఉంటే ఊరు నవ్వి ఊరుకునేది. అక్షరాలా నిజమవడంతో క్షమించడానికి దారి లేకపోయింది. మరుసటి శనివారం కొట్టు ముందు వరస లేదు. ఓల్డ్ టర్ఫ్ యజమాని ఒక్కడే వచ్చాడు, అదీ చివాట్లు పెట్టడానికి.

"గెలిచిన గుర్రాన్ని పట్టుకుని అధ్వాన్నమంటావా?"

అసంప్టా ఊరుకోలేదు. "ఆ డాక్టరుకైనా క్షమాపణ చెప్పిరా, ఫో."

కాహల్ భుజానికి కట్టుతో తన వంటింట్లో కూర్చుని ఉన్నాడు. ఫిన్‌బార్ టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"క్షమాపణ అక్కర్లేదు. నేను పడతానని నీకెలా తెలిసింది? అది చెప్పు."

"దడి దగ్గరికొచ్చేసరికి నువ్వు కిందికి చూస్తావు డాక్టరూ. నాలుగేళ్లుగా చూస్తున్నా."

"నాలుగేళ్లుగా చూస్తూ, 'ధైర్యశాలి' అని రాశావా?"

ఫిన్‌బార్ ముఖం ఎర్రబడింది. తన ఇరవై ఆరేళ్ల మర్యాదకు ఒక మనిషి మెడ విరిగి ఉండేదని అప్పుడే తట్టింది.

"భుజం నయమయ్యాక వచ్చి, నేను దూకుతుంటే మళ్లీ చూస్తావా?" అన్నాడు కాహల్.

చలికాలమంతా బుధవారాలు ఫిన్‌బార్ వానలో, మోకాటిలోతు బురదలో నిలబడి "తల పైకెత్తవయ్యా!" అని అరిచాడు. కొనేవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. సూపర్‌మార్కెట్ మాంసం మరీ నీరు కారుతోందన్నారే తప్ప ఇంకేం అనలేదు.

మరుసటి ఆగస్టులో రెడ్ బిషప్ దిగిన ఎనిమిదింటిలో ఆరోదిగా వచ్చింది. కాహల్ పడలేదు. గుర్రం దిగి మొదట ఫిన్‌బార్ దగ్గరికే వచ్చాడు. దడి దడికీ "తల పైకెత్తు" అని అరిచి అరిచి, పలకరించడానికి ఫిన్‌బార్‌కు గొంతు మిగల్లేదు.