బుడాపెస్ట్ మార్కెట్‌లో మా అత్త

సెలవులకు బుడాపెస్ట్ వెళ్లినప్పుడు మా మేనత్తను అక్కడి పాత మార్కెట్‌కి తీసుకెళ్లాను. వరంగల్ ఎనుమాముల యార్డులో ముప్పై ఏళ్లుగా మిర్చి కొనే మనిషి ఆమె. ఓ దుకాణంలో వేలాడుతున్న ఎండుమిరప దండలు కనబడగానే నా చెయ్యి వదిలేసి అటు నడిచింది.

దుకాణం నడిపే పెద్దావిడ చెంచా కొసన ఎర్రటి పొడి పెట్టిచ్చి, "చాలా కారం, జాగ్రత్త" అని ఇంగ్లిష్‌లో హెచ్చరించింది. అత్త దాన్ని నాలుక మీద వేసుకుని కాసేపు ఎదురుచూసింది.

"ఇది కారం కాదు బిడ్డా, తియ్యగున్నది! ఆమెకు జర చెప్పు."

నేను చెప్పేలోపే అత్త తన సంచిలోంచి మన కారప్పొడి పొట్లం తీసి పెద్దావిడ ముందు పెట్టింది. నేను వద్దంటున్నా ఆవిడ పంతానికి పోయి చిటికెడు నోట్లో వేసుకుంది. ముఖం కందిపోయింది, కళ్లలోంచి నీళ్లు కారాయి. నేను గాభరాగా నీళ్ల సీసా తీశాను.

"ఫికర్ జెయ్యకు. నీళ్లు తాపకు, పక్క దుకాణంల రొట్టె పట్టుకరా," అంటూ అత్త ఆవిడ వీపు నిమిరింది.

నేను పరుగెత్తి తెచ్చిన రొట్టె నమిలాక ఆవిడ తలెత్తి పగలబడి నవ్వింది. అత్తను బల్ల వెనక్కి లాగి, తన ఏప్రన్ విప్పి ఆమె చీర మీద కట్టింది. వచ్చినవాళ్లందరికీ ఆమెను చూపిస్తూ ఏదో గొప్పగా చెప్పింది. భాష రాకపోతేనేం, అత్త ఊరుకోలేదు.

"రాండ్రి, రాండ్రి! తియ్యటి మిర్చి!" అని తెలుగులోనే కేకేసింది.

జనం నిజంగానే వచ్చారు. ఆ రోజు చూద్దామనుకున్న కోటను మేం చూడనే లేదు. పొట్లాలు కట్టి ఇస్తూ నేను నవ్వలేక చచ్చాను.