తినకుండా పడవెక్కించిన శనివారం

మా తమ్ముడు పడవ అమ్మేస్తానన్న రోజున నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కొత్త వంతెన కట్టాక రేవు దాటేవాళ్లు లేకపోతే, ఊరు చూడవచ్చినవాళ్లనైనా గోదారి వైనతేయ పాయ మీదుగా సముద్రం దాకా తిప్పుదామని ఆ పడవకి రంగు వేయించింది నేను. బడిలో ముప్పయ్యేళ్లు పిల్లల్ని అదిలించి రిటైరయ్యాక, మేడమీది గదులు రెండూ కడిగి అతిథులకిస్తున్నదీ నేనే. మూడు జట్లు వచ్చి వెళ్లినా ఒక్కరంటే ఒక్కరు పడవెక్కలేదు.

ఎలా ఎక్కుతారు, ఇంట్లో వంట చూసే మా వదిన ఎక్కనిస్తేగా! తెల్లారేసరికి పెసరట్టూ ఉప్మా, ఆపైన గారెలు, ఆపైన "ఇంకొక్కటేనండి, నా మీద ఒట్టు" అని బలవంతం. తిన్నవాళ్లు తిన్నచోటే ఒరిగిపోయేవారు. లేచేసరికి పనసపొట్టు కూర, రొయ్యల వేపుడు. సాయంత్రం కారెక్కుతూ "ఏం మర్యాదండీ బాబూ!" అని దండాలు పెట్టేవారు. వాళ్లు మా ఊళ్లో చూసింది మా వంటిల్లొక్కటే.

"ఈ శనివారం కూడా ఎవరూ ఎక్కకపోతే సోమవారం ఇచ్చేస్తానక్కా. రొయ్యల చెరువులాయన అడిగేరు. నేనూ అక్కడే కాపలాకి చేరిపోతాను," అన్నాడు తమ్ముడు నా మొహం చూడకుండా. పదిహేనో ఏట తెడ్డు పట్టినవాడు చెరువు గట్టు మీద టార్చిలైటు పట్టుకు కూర్చుంటాడా? నా ప్రాణం ఉండగా కానివ్వనని అప్పుడే అనుకున్నాను.

శుక్రవారం హైదరాబాదు నుంచి భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి దిగారు. వదినకి గట్టిగా చెప్పాను. "రేపు పొద్దున్న కాఫీ తప్ప ఏమీ వద్దు. టిఫిను తిరిగొచ్చాకే."

"చుట్టాల్ని మాడ్చి పంపుతావా? ఊళ్లో తలెత్తుకోగలమా?"

"పడవ పోతే నేను తలెత్తుకోలేను వదినా."

మూతి ముడుచుకుని లోపలికెళ్లింది. ఊరుకుందనుకున్నాను. నా బుద్ధి మండ! అలా ఊరుకునే మనిషా?

ఐదున్నరకే పడవ కదిలింది. సముద్రపొడ్డున అలివి వల లాగుతారు. రెండు జట్లుగా నిలబడి రెండు తాళ్లూ పట్టుకుని ఒడ్డుకి గుంజుతారు. ఏడింటికల్లా అయిపోతుంది. ఆ తాడు వీళ్లచేత పట్టించి తీరాలని నా పంతం.

మొదటి మలుపులోనే పిలుపు. "ఏవండోయ్! అతిథుల్ని కాస్త ఎంగిలిపడి వెళ్లమనండి!" రేవులో పొరుగాయన కొబ్బరిబొండాలు కొట్టి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ పైరేవులో ఇంకొకావిడ సున్నుండల డబ్బాతో సిద్ధం. వదిన రాత్రే ఫోన్లు చేసి ఒడ్డంతా లేపేసిందన్నమాట! రేవులోంచి పిలిస్తే పడవ ఆపకుండా పోకూడదన్నది మా నాన్నగారి కాలం నుంచీ ఉన్న మర్యాద. తమ్ముడు రెండుచోట్లా ఆపాడు. అరగంట గంగపాలు.

మూడో రేవులో మా పిన్నిగారు. ఎనభై ఏళ్ల మనిషి, పొట్టిక్కల గిన్నె రెండు చేతులా ఎత్తి చూపిస్తోంది. తెల్లవారుజామునే లేచి పనసాకులు బుట్టల్లా కుట్టి, ఇడ్లీపిండి పోసి ఉడికించి ఉంటుంది. తమ్ముడు పడవ ముక్కు తిప్పబోయాడు.

"ఆపకు!" అని లేచి నిలబడ్డాను.

"పిన్నిగారక్కా..."

"ఎవరైనా సరే. ఆపావంటే నేను నీళ్లలోకి దూకేస్తాను." అటు తిరిగి కేకేశాను. "పిన్నిగారండీ, మన్నించండీ! ఆగేది లేదండీ!"

గిన్నె అలాగే ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది ఆవిడ. ఆ రేవులో ఆవిడని దాటుకుపోయిన పడవ అంతకుముందు లేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది నాకు. అయినా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత పది రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు.

మేం దిగేసరికి వల సగం ఒడ్డుకొచ్చేసింది. "రండమ్మా, పట్టండి!" అని జాలర్లు పిలిచారు. పడవలోనే కూర్చుంటుందనుకున్న హైదరాబాదు పెద్దావిడ చీర కుచ్చిళ్లు ఎగదోపి అందరికంటే ముందు తాడు పట్టుకుంది. పిల్లలు ఇసుకలో జారిపడి లేచి మళ్లీ పట్టుకున్నారు. వల ఒడ్డున పడ్డాక పెద్ద జాలరి నాలుగు చేపలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"మాకెందుకయ్యా?"

"తాడు పట్టేరు కదండీ. వాటా తీసుకోవాలండి, ఆయ్."

ఆవిడ ఆ చేపల్ని రెండు చేతులా అందుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "రేపు ప్రయాణం లేదురా," అంది. మా తమ్ముణ్ణి అడిగింది. "ఏమయ్యా, రేపూ ఎల్లుండీ కూడా తీసుకొస్తావా?"

"రేపు ఆదివారం గుడికెళ్లాలండి. సోమవారం తప్పకుండానండి," అన్నాడు వాడు.

అని, నాకు నాలుగడుగులు దూరంగా వెళ్లి ఫోను తీశాడు.

"ఆయ్, నేనేనండి. సోమవారం పడవ ఖాళీ లేదండి... మంగళవారం కూడానండి... లేదండి, ఇంక ఇవ్వనండి."