పూజగదిలో పశువైద్యం

నా చిన్నప్పుడు నాకు బొమ్మలు బాగా వచ్చని ఊరంతా అనేది. ఊరికంటే ముందు నేనే అనుకునేదాన్ని. ఆ పొగరు దించింది మా తాతయ్య. అదీ పల్లెత్తు మాట అనకుండా.

మాది తిరుత్తణికి దగ్గర్లో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తాతయ్య సేద్యం చేస్తూనే చుట్టుపక్కల ఊళ్ళ పశువులకు నాటువైద్యం చేసేవారు. మోకాళ్ళు పట్టేసి నడక కష్టమయ్యాక, తనతోపాటే ఆ విద్య కూడా పోతుందని ఆయనకు బెంగ పట్టుకుంది. తెలిసిందంతా తెలుగులో రాసి, తెలుగు చదవలేనివాళ్ళ కోసం పక్కనే తమిళంలోనూ రాయించి, తిరువళ్ళూరులో అచ్చుకిచ్చారు. అట్ట మీద బొమ్మ నన్ను గీయమన్నారు.

నేను ఆ రాతప్రతిని తెరిచి కూడా చూడలేదు. తిరుత్తణి వాళ్ళం కదా, ఇంకేం గీస్తాం! కొండ, కొండ మీద వేలాయుధంతో మురుగన్, పక్కన నెమలి. ఈకలకే రెండు రోజులు పట్టింది. ముందుగా ఓ ఇరవై పుస్తకాలకు ఆ అట్ట వేయించి, తాతయ్య పశువులున్న ఇళ్ళకు పంచిపెట్టారు. తీసుకున్నవాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

నెల తిరక్కుండానే ఒక ఉదయం పక్కింటి అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. “మామా, బిరబిరా రాండి! ఆవుకు కడుపు ఉబ్బిపోయి నిలబడలేకుండా ఉండాది!”

తాతయ్య నా భుజం పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళారు. మందు పట్టించి, చాలాసేపు డొక్క నిమిరాక ఆవు తేరుకుంది. అప్పుడు అడిగారు: “నేనిచ్చిన పుస్తకం యాడ పెట్టినావమ్మా? ఇదంతా దాంట్లో రాసినా గదా.”

“సామి పటాల కాడ పెట్టినా మామా. రోజూ పువ్వు పెడతా ఉండా. సామి బొమ్మ ఉండేదాన్ని పేడచేతుల్తో ఎట్ల తాకేది?”

తాతయ్య నా వైపు చూడలేదు. ఇంటికి పోకుండా, మజ్జిగ తాగుదామంటూ నన్ను ఇంకో ఇంటికి తీసుకెళ్ళారు, అక్కణ్ణుంచి మరో ఇంటికి. ఎక్కడ చూసినా పుస్తకం పూజగదిలోనే ఉంది. పసుపు, కుంకుమ బొట్లు, ఒకచోట మల్లెదండ కూడా. ఒక్కటీ తెరిచిన గుర్తు లేదు. నాలుగో ఇంటికి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆ ఆవు చచ్చిపోయి ఉంటే పాపం నాదే అనిపించింది.

ఇంటికొచ్చాక నన్ను కొట్టంలో కూర్చోబెట్టి రాతప్రతి ఒళ్ళో పెట్టారు.

“బాగానే గీసినావు పాపా. సామిని చూస్తే చెయ్యి దండం పెడతాది. మన పుస్తకానికి తెరిచే చెయ్యి కావల్ల. ముందు చదువు, ఆమీట గీద్దువు.”

చదివాను. చదివేకొద్దీ ప్రతి పుటలోనూ తాతయ్య చేతులే కనిపించాయి. ఆవు డొక్క, దాని మీద ముడతలు పడిన ఒక చెయ్యి. అంతే గీశాను. మిగిలిన పుస్తకాలన్నిటికీ ఆ అట్టే వేశారు. అవి ఏ పూజగదికీ వెళ్ళలేదు. కొట్టాల్లో గూళ్ళలో ఉండి, నూనె మరకలూ పేడ మరకలూ పడి, మాసి నలిగిపోయాయి. ఆ మరకలు చూసి తాతయ్య మురిసిపోయేవారు.

ఇప్పుడు ఆవడి పట్టణంలో ఉంటున్నాను. ఇన్నేళ్ళుగా పుస్తకాలకు అట్టలు గీయడమే నా పని. కుంచె పోయి కంప్యూటరు వచ్చింది. తొందరగా కావాలని ఫోన్లు వస్తాయి, కథేమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తామంటారు. ఒప్పుకోను. ఈ పుస్తకం ఇంట్లో ఎక్కడ ఉండాలి, ఎవరి చేతికి అందాలి అన్నది తేలేదాకా ఒక్క గీత గీయను. చాదస్తం అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

తాతయ్య ఆ రోజు నా బొమ్మను తిట్టి ఉంటే నేను మళ్ళీ గీసేదాన్ని కాదేమో. అడుగు తీసి అడుగు వేయలేని మనిషి, నా తప్పు నేనే చూసుకోవాలని, నా కోసం నాలుగిళ్ళ మెట్లెక్కారు. అది తలుచుకున్నప్పుడల్లా, సగం గీసింది పక్కన పెట్టి, పుస్తకం మళ్ళీ మొదటి పుట నుంచి చదువుతాను.